మామిడి తోపు దారికి రాక్ స్లైడరా, అమ్మ మోకాళ్లకు పవర్ స్టెప్పా?

మీరు అడిగింది ఇది. ఇసుజు వీ-క్రాస్ పికప్ బండి. దామలచెరువు దగ్గర తోపు, అక్కడికి చివరి రెండు కిలోమీటర్లు బండరాళ్ల దారి, మధ్యలో ఒక వంక. వారానికి రెండు సార్లు అమ్మగారిని తిరుపతి ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఆమెకు మోకాళ్ల నొప్పి. బండితో వచ్చిన ఫుట్‌స్టెప్ ఎడమ వైపు రాయికి తగిలి పైకి వంగింది, ఇప్పుడు వెనక తలుపు దానికి రుద్దుకుంటోంది. అది తీసేసి రాక్ స్లైడర్లు వేయాలా, తలుపు తీయగానే కిందికి దిగే కరెంటు మెట్లు, అంటే పవర్ స్టెప్పులు, వేయాలా? వీటికి చట్టం ఒప్పుకుంటుందా?

మీ బండికి స్లైడర్లు వేయండి. అమ్మగారికి మెట్టు వేరుగా చేయించండి. పవర్ స్టెప్ మంచి వస్తువే, కానీ రాయి తగిలే బండికి కాదు. ఎందుకో, ఎలా చేయించాలో, ఎక్కడ పాడవుతుందో కింద రాస్తున్నా.

ఈ రెండూ తలుపు కిందే ఉంటాయి, దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకోవచ్చనిపిస్తుంది. స్లైడర్ ఛాసీకి, అంటే బండి బరువంతా మోసే అడుగు ఇనుప చట్రానికి, చెందిన వస్తువు. రాయి మీద బండి కూర్చున్నప్పుడు బరువును ఛాసీకి చేరవేసి, సిల్‌ను, అంటే తలుపు కింద గడపలా ఉండే రేకు పెట్టెను, నలగకుండా కాపాడటం దాని పని. పవర్ స్టెప్ మనిషి పాదం కోసం చేసింది. దాని బలమంతా పై నుంచి కిందికి పడే బరువును మోయడానికే. ఆంప్ రీసెర్చ్ లాంటి పేరున్న సెట్టు ఒక్కో వైపు సుమారు 270 కిలోలు మోస్తుంది. ఆ అంకె చూసి గట్టిదే కదా అనుకుంటారు. కానీ రాయి కింది నుంచి పైకి తోస్తుంది. మెట్టు ముడుచుకుని ఉన్నప్పుడు ఆ తోపు రెండు సన్నని మడత కీళ్ల మీదా, వాటి పిన్నుల మీదా, బ్రాకెట్ బోల్టుల మీదా పడుతుంది. కీలు కొద్దిగా మెలి తిరిగినా మెట్టు సగంలో ఇరుక్కుంటుంది. అలా దిగి ఇరుక్కున్న మెట్టుతో తోపు నుంచి రోడ్డు దాకా రావడం ఎంత కష్టమో ఊహించుకోండి.

అసలు మీ బండి ఎందుకు తగులుతోందో చూద్దాం. వీ-క్రాస్ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 3,095 మి.మీ., టొయోటా హైలక్స్ పికప్‌ది 3,085. మూడు తలుపుల థార్‌ది 2,450 మాత్రమే. ముందు చక్రాలు గట్టు దాటి వెనక చక్రాలు ఇంకా ఇవతలే ఉన్నప్పుడు, ఈ రెంటి మధ్య పొడవు ఎంత ఎక్కువుంటే నడుము అంత కిందికి వస్తుంది. అంటే థార్ తేలిగ్గా దాటే గెనిమ మీద పికప్ నడుము ఆనుతుంది. పైగా కంపెనీ ఫుట్‌స్టెప్ ఎక్కడానికి వీలుగా సిల్ కంటే కిందికి వేలాడుతుంది. మీది వంగడానికి కారణం అదే. డ్రైవింగ్ తప్పని అనుకోవద్దు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. పైసా ఖర్చు లేదు. వంగిన ఫుట్‌స్టెప్పులు రెండు వైపులా విప్పేయండి. సిల్ అడుగున, ఛాసీ పట్టీ అడుగున చిక్కటి సున్నం పూసి ఆరనివ్వండి. మామూలుగా వెళ్లే దారిలోనే తోపుకు రెండు మూడు సార్లు పోయి రండి. ఒకసారి ఖాళీగా, ఒకసారి కాయల క్రేట్లు నింపుకుని వెళ్లాలి, ఎందుకంటే బరువుకు వెనక స్ప్రింగు పట్టీలు కుంగి నడుము ఇంకా కిందికి దిగుతుంది. తర్వాత బండి కింద పడుకుని చూడండి. సున్నం ఎక్కడ గీరుకుపోయిందో అక్కడే మీకు రక్షణ కావాలి. చిన్న కంకర ఎగిరిన చుక్కలను లెక్కలోకి తీసుకోకండి, పొడుగు గీతలనే చూడండి. సిల్ కింద ఒక్క గీత పడినా స్లైడర్ తప్పదు. సున్నం చెక్కు చెదరకపోతే నా సలహా తిరగబడుతుంది. అప్పుడు మీ బండిని వంచింది ఆ ఫుట్‌స్టెప్ వేలాడటమే, రాళ్లు సిల్ దాకా రావడం లేదు. పవర్ స్టెప్ ముడుచుకున్నప్పుడు సిల్‌కు దాదాపు అతుక్కుని ఉంటుంది కాబట్టి నిశ్చింతగా అదే వేయించుకోవచ్చు.

మీరు చెప్పిన దారిని బట్టి గీతలు పడతాయనే నమ్మకంతో ముందుకు పోతున్నా.

స్లైడర్ ఎక్కడ చేయించినా, రెడీమేడ్ కొన్నా, మొదట చూడాల్సింది అది దేనికి బిగిస్తారనేది. ఛాసీకే బిగించాలి. బాడీకి, సిల్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ కాదు. మీ బండిలాంటి లాడర్ ఛాసీ (నిచ్చెన ఆకారపు చట్రం) బండ్లలో బాడీ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది. గుంతల్లో బాడీ ఒక రకంగా, ఛాసీ ఒక రకంగా కదులుతాయి. అందుకే స్లైడర్‌కూ సిల్‌కూ మధ్య 20 నుంచి 25 మి.మీ. సందు ఉండాలి. అది లేకుండా అందంగా అతికినట్టు చేస్తే మొదటి వంకలోనే టకటకమని చప్పుడు, ఆరు నెలలకు సిల్ పెయింట్ లేచిపోయి తుప్పు. కొన్ని దుకాణాల్లో స్లైడర్ పేరుతో అమ్మేవి కంపెనీ ఫుట్‌స్టెప్ రంధ్రాలకే ఎక్కుతాయి. ఆ రంధ్రాలు సిల్‌కు ఉన్నవైతే అది స్లైడర్ కాదు, లావుపాటి ఫుట్‌స్టెప్. ‘జాకీ దీని మీద పెట్టి బండి లేపచ్చా?’ అని అడగండి. అమ్మేవాడు నీళ్లు నమిలితే ఇంకో దుకాణం చూసుకోండి.

తిరుపతి ఆటోనగర్‌లోనో, చిత్తూరులోనో చేయిస్తే గేట్లు, గ్రిల్స్ చేసే షాపుకు కాకుండా లారీ ఛాసీ పని, ట్రాలీ పని చేసేవాళ్ల దగ్గరికి పోండి. గ్రిల్ షాపులో చేతికి దొరికేది 2 మి.మీ. బాక్సు పైపు. అది ఎందుకు పనికిరాదో లెక్క చూడండి. బయటి పైపు ఛాసీ నుంచి 30 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. దాని మీద ఒక టన్ను పడింది. పక్కపక్కన ఉన్న రెండు కాళ్లు, అంటే ఛాసీ నుంచి బయటి పైపు దాకా వచ్చే అడ్డ ముక్కలు, ఆ బరువును పంచుకుంటే, 50 మి.మీ. చదరపు, 2 మి.మీ. మందం బాక్సులో ఒత్తిడి సుమారు 254 మెగాపాస్కల్స్ వస్తుంది. బాక్సు పైపులకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4923లోని వైఎస్‌టీ 240 రకం ఇనుము 240 దగ్గరే లొంగుతుంది. అంటే వంగి అలాగే ఉండిపోతుంది. అదే కొలతలో 3 మి.మీ. మందానికి 180, 4 మి.మీ.కు 143. ఇక బరువంతా ఒక్క కాలి మీదే పడితే 4 మి.మీ. బాక్సులో కూడా 287 వస్తుంది. అందుకే మందం ఎంత ముఖ్యమో కాళ్ల సంఖ్యా అంతే ముఖ్యం. మీ బండి డబుల్ క్యాబ్ కాబట్టి ఒక్కో వైపు నాలుగు కాళ్లు. రెండు కాళ్ల మధ్య దూరం 50 సెం.మీ. మించకూడదు.

సామాను ఇలా తీసుకోండి, ఒక్కో వైపు లెక్క. ఛాసీ పక్కన పోయే లోపలి పట్టీకి 50×50×3 బాక్సు, 1.8 మీటర్లు. బయటి పట్టీకి ఇంచున్నర గుండ్రపు పైపు, 1.9 మీటర్లు. కాళ్లకు 50×50×4 బాక్సు, 30 సెం.మీ. ముక్కలు నాలుగు. లోపలి, బయటి పట్టీలను కలపడానికి అదే గుండ్రపు పైపు చిన్న ముక్కలు నాలుగు. ఛాసీని పట్టుకునే ప్లేట్లు 150×120×6 మి.మీ., కాలికి ఒకటి. పైన కాలు పెట్టడానికి, జారకుండా గరుకు గీతలుండే 3 మి.మీ. చెక్కర్ ప్లేటు, పదేసి సెంటీమీటర్ల వెడల్పు. ఇవన్నీ కలిపి ఒక వైపు 30 కిలోల దరిదాపుకు వస్తాయి, జతకు 60. లోపల పట్టుకునే ప్లేట్లు, బోల్టులు దీనికి అదనం. పని అయ్యాక జత తూకం వేయించండి. 40 కిలోలే తూగితే ఎక్కడో పలుచటి పైపు పడిందన్నట్టే. మీరు కాయలు తోలేటప్పుడు ఆ 60 కిలోలను లోడులోంచి తగ్గించుకోవడం మరవద్దు.

గుండ్రపు పైపు గురించి ఒక మాట. ఇంచున్నర పైపంటే లోపలి కొలత. బయట 48.3 మి.మీ. ఉంటుంది. ఐఎస్ 1239 పైపుల మీద రంగు పట్టీ ఉంటుంది. పసుపు అంటే లైట్, మందం 2.9. నీలం అంటే మీడియం, 3.2. ఎరుపు అంటే హెవీ, 4 మి.మీ. నీలం సరిపోతుంది, ఎరుపు దొరికితే ఇంకా మేలు. నల్ల పైపే అడగండి. నీళ్ల పంపులకు వాడే జీఐ పైపు మీద జింకు పూత ఉంటుంది. వెల్డింగ్ వేడికి ఆ జింకు పొగ పీల్చినవాళ్లకు రాత్రికి చలిజ్వరం వస్తుంది, వెల్డింగ్ కూడా బుడగలు బుడగలుగా వస్తుంది.

కాళ్లు ఛాసీ నుంచి అడ్డంగా నేరుగా బయటికి రాకూడదు. బయటి చివర పది, పదిహేను డిగ్రీలు పైకి లేచి ఉండాలి. అలా ఉంటే రాయి తగిలినప్పుడు స్లైడర్ జారి ముందుకు పోతుంది, కొక్కెంలా పట్టుకోదు. ఇదే కారణానికి ముందు చివర, వెనక చివర పైపును పైకి వంచి మూతలు వెల్డ్ చేయించండి. తెరిచి వదిలితే ఎర్రమట్టి లోపలికి పోయి అక్కడే తడిగా కూర్చుంటుంది. మూతలు వేశాక పైపు అడుగున 6 మి.మీ. రంధ్రం ఒకటి వేయించాలి, లేకపోతే లోపల చేరిన నీరు బయటికి రాదు. బయటి పట్టీ సిల్ కంటే 5 నుంచి 8 సెం.మీ. బయటికి వస్తే చాలు. వెనక చక్రం ముందర ఇంకో మూడు నాలుగు సెంటీమీటర్లు బయటికి తిప్పుకోవచ్చు. ఇరుకు మలుపులో చెట్టు మొద్దు తగిలితే బండి వెనక భాగాన్ని అది పక్కకు నెడుతుంది. అంతకంటే బయటికి వద్దు.

ఇప్పుడు వెల్డింగా, బోల్టా. మీకు బోల్టే. ఛాసీ ఎక్కువ బలమున్న ఉక్కుతో చేసింది. వెల్డ్ వేడి తగిలిన అంచున ఆ బలం తగ్గుతుంది, అనుభవం లేని చేతిలో అంచు పక్కన గాడి పడుతుంది, బరువు ఎత్తినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. వారంటీ మాట సరేసరి. బోల్టులోనూ ఒక మెలకువ ఉంది. ఛాసీ పట్టీ నాలుగు వైపులా మూసిన పెట్టె. దానికి అడ్డంగా రంధ్రం వేసి బోల్టు బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, నాలుగు రోజుల్లో బోల్టు వదులవుతుంది. రంధ్రమే వేయాల్సి వస్తే లోపల సరిగ్గా ఆ వెడల్పుకు కోసిన స్పేసర్ పైపు ఉండాలి. అసలు రంధ్రం లేకుండా చేసే పద్ధతి మేలు. ఛాసీకి బయట ఒక ప్లేటు, లోపల ఒక ప్లేటు పెట్టి, పైన రెండు, కింద రెండు ఎం12 (12 మి.మీ.) బోల్టులతో శాండ్‌విచ్‌లా నొక్కడం. బోల్టులు 8.8 గ్రేడువి, తల మీద ఆ అంకె ఉంటుంది. నూనె లేని పొడి బోల్టును 80 న్యూటన్ మీటర్ల దగ్గర టార్క్ రెంచ్‌తో బిగించాలి, స్పానర్‌కు పైపు తగిలించి లాగడం కాదు. ఇలా నొక్కిన ప్లేటు ముందుకూ వెనక్కూ జారకుండా ఒక్కో వైపు కనీసం ఒక కాలునైనా ఛాసీకి ముందే ఉన్న రంధ్రానికి కట్టేయాలి.

ప్లేట్లు పెట్టే ముందు ఛాసీ లోపలి గోడ మీద, పై అంచున చేత్తో తడిమి చూడండి. బ్రేక్ పైపు, డీజిల్ పైపు, వెనక లైట్ల వైరింగ్ అక్కడే పోతాయి. వాటి మీద ప్లేటు పడితే మొదట ఏమీ కాదు. వేల కిలోమీటర్లు అదిరాక పైపు అరిగిపోతుంది. బాడీ మౌంట్ బ్రాకెట్ల మీద కూడా కాలు పెట్టించకండి. ఎగ్జాస్ట్ దగ్గర రెండు వేళ్ల సందు వదలండి.

వెల్డింగ్ అంతా బండికి దూరంగా బల్ల మీద జరగాలి. బండి మీద చుక్కలు పెట్టి కొలత పట్టుకోవాల్సి వస్తే బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఎర్త్ క్లాంప్‌ను వెల్డ్ చేసే ముక్కకే తగిలించాలి. బోనెట్ దగ్గర ఎర్త్ పెట్టి వెనక వెల్డ్ చేస్తే ఆ కరెంటు ఏ ఈసీయూ (బండి కంప్యూటరు) గుండా పోతుందో చెప్పలేం. సీవో2 వెల్డింగ్ ఉంటే మంచిది. రాడ్ అయితే కాళ్లకూ ప్లేట్లకూ 7018 రాడ్ పొడిగా ఉన్నది వాడమనండి. గ్రిల్స్‌కు వాడే 6013 రాడ్ పని చేస్తుంది కానీ 6 మి.మీ. ప్లేటు లోతుకు పట్టడం వెల్డర్ చేతి నైపుణ్యం మీద ఆధారపడుతుంది. కాలు ప్లేటును కలిసే చోట నాలుగు వైపులా, రెండు పొరలుగా వెల్డ్ ఉండాలి. కిందా పైనా పెట్టి పక్కలు వదిలేయడం మామూలుగా జరిగే కక్కుర్తి.

రంగు విషయంలో పౌడర్ కోటింగ్‌కు డబ్బు పెట్టకండి. రాయి గీరినప్పుడు అది పెచ్చుగా లేస్తుంది, ఆ పెచ్చు కింద తుప్పు కనపడకుండా పాకుతుంది. ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు, పైన నల్ల ఎనామిల్. గీత పడిన చోట ఇంట్లోనే బ్రష్‌తో పూసుకోవచ్చు.

బిగించాక వెల్డర్ ముందే ఒక పరీక్ష. స్లైడర్ మధ్యలో చెక్క ముక్క పెట్టి, దాని కింద బాటిల్ జాకీ. ఎత్తే ముందు సిల్‌కూ స్లైడర్‌కూ సందు ఎంతో స్కేలుతో కొలిచి రాసుకోండి. ఆ వైపు చక్రాలు రెండూ తేలికపడే దాకా ఎత్తండి. సందు మూసుకుపోకూడదు. దించాక మళ్లీ కొలవండి. మొదటి అంకే రావాలి. రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గిందంటే ఎక్కడో ఇనుము వంగింది లేదా ప్లేటు తిరిగింది. అక్కడికక్కడే సరిచేయించండి, ‘అది సర్దుకుంటుంది సార్’ అంటే నమ్మకండి. తర్వాత 100 కిలోమీటర్లకు ఒకసారి, 1,000కి ఒకసారి బోల్టులు మళ్లీ టార్క్‌కు చూడాలి. బిగించిన రోజే బోల్టు తల నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింట్ గీత ఒకటి గీసి పెడితే, గీత విరిగిందా లేదా అన్నది చూపుతోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు అమ్మగారి సంగతి. ఇక్కడ చాలామంది నిరాశపడతారు కాబట్టి ముందే చెబుతున్నా. మంచి స్లైడర్ మంచి మెట్టు కాదు. రాయికి అందకుండా సిల్‌ను ఆనుకుని ఎత్తులో ఉండటమే దాని గుణం. నేల నుంచి దాని పైభాగం ఎంత ఎత్తో టేపుతో కొలవండి. 45 సెం.మీ. వచ్చిందనుకోండి, మనింట్లో మెట్టు 15 నుంచి 18 సెం.మీ. ఉంటుంది. అంటే ఒకే అడుగులో రెండున్నర, మూడు మెట్లు ఎక్కమన్నట్టు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్ల వల్ల కాదు. పవర్ స్టెప్ నిజంగా గెలిచేది ఇక్కడే. తెరుచుకున్నప్పుడు సిల్ కంటే సుమారు 15 సెం.మీ. కిందికి దిగి, కాస్త బయటికి కూడా వస్తుంది.

దానికి బదులుగా మీరు చేయించుకోదగింది తగిలించుకునే మెట్టు. స్లైడర్ చేసే రోజే దాని బయటి పైపుకు లోపలి వైపున రెండు చెవులు వెల్డ్ చేయించండి, పైపు అడుగు కంటే కిందికి రాకుండా. 40 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు చెక్కర్ ప్లేటు, దానికి రెండు ఇనుప పట్టీల కాళ్లు. 12 మి.మీ. పిన్నులు రెండు గుచ్చితే నేల నుంచి 22 సెం.మీ. ఎత్తులో వేలాడేలా. ఆస్పత్రికి పోయే రోజు గుచ్చుకోవడం, తోపుకు పోయే రోజు తీసి వెనక పడేయడం. పట్టీల మధ్య అడ్డ ముక్క ఒకటి ఉండాలి, లేకపోతే కాలు పెట్టగానే మెట్టు ఉయ్యాలలా లోపలికి ఊగుతుంది, పెద్దవాళ్లు భయపడతారు. పిన్ను జారిపోకుండా ఆపే ఆర్ క్లిప్ తప్పనిసరి. మెట్టు ఎంత మంచిదైనా చేతికి పట్టు లేకపోతే ఎక్కలేరు. అమ్మగారు కూర్చునే వైపు తలుపు పక్క స్తంభానికి పట్టుకునే పిడి ఉందో లేదో చూసుకోండి. ఈ పని కూడా వద్దనుకుంటే 20 సెం.మీ. ఎత్తున్న, అడుగున రబ్బరు ఉన్న గట్టి స్టూలు బండిలో వేసుకోండి. ఎగతాళి కాదు, చాలా ఇళ్లలో పనిచేస్తున్న ఉపాయం అదే.

స్లైడర్‌లోనే కరెంటు మెట్టు దాచిన సెట్లు కూడా ఉన్నాయి. అమెరికాలో రాక్ స్లయిడ్ ఇంజినీరింగ్ అనే కంపెనీ జీప్ రాంగ్లర్ లాంటి బండ్లకు స్టెప్ స్లైడర్ పేరుతో చేస్తుంది. తెప్పించుకుని వీ-క్రాస్‌కు బ్రాకెట్లు మార్చుకునే ఖర్చుకు మీ తోపు దారిలో ఆ పెద్ద రాళ్లను జేసీబీతో తీయించేయొచ్చు.

సున్నం పరీక్ష మీకు అనుకూలంగా వచ్చి పవర్ స్టెప్పే వేయించుకునేట్టయితే, పాడయ్యే చోట్లు తెలిసుండాలి. అమ్మే అంగళ్లలో ఇవి చెప్పరు.

మన దారుల్లో దాని మొదటి శత్రువు ఎర్రమట్టి. కీళ్ల పిన్నుల్లోకి మెత్తటి మట్టి చేరి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు ముద్దయి, ఎండకు సిమెంటులా గట్టిపడుతుంది. మోటారుకు బరువు పెరుగుతుంది. మెట్టును నడిపే కంట్రోలరుకు అది మట్టని తెలియదు. కరెంటు ఎక్కువ లాగుతోంది కాబట్టి ఎవరి కాలో అడ్డం వచ్చిందనుకుని మెట్టును వెనక్కి తిప్పేస్తుంది. మెట్టు సగం దూరం పోయి తిరిగి వస్తోందంటే తొంభై పాళ్లు ఇదే. మోటారు మార్పించకండి, ముందు నీళ్లతో కడగండి. కడిగి ఆరాక సిలికాన్ డ్రై స్ప్రే కొట్టండి. గ్రీజు పూయొద్దు. గ్రీజు మట్టిని అంటించుకుని అరగదీసే పేస్టుగా మారుతుంది. ప్రెషర్ వాష్‌లో గన్‌ను మోటారు కనెక్టర్ మీద నేరుగా పెట్టనివ్వకండి. మోటారు నీళ్లను తట్టుకున్నా కనెక్టర్ తట్టుకోదు. బిగించేటప్పుడే ప్రతి ప్లగ్గులో నీటిని చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టించాలి. గ్రీజు ఉండాల్సిన చోటు అదొక్కటే.

కరెంటు పని ఇలా ఉండాలి. ప్లస్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు, కిట్‌లో చెప్పిన ఆంపియర్లదే. ‘తరచూ పోతోంది’ అని పెద్ద ఫ్యూజు వేస్తే తర్వాత కాలేది వైరు. ఎర్త్‌ను పెయింట్ గీకిన లోహానికి బిగించాలి. తలుపు తెరిచిన సిగ్నల్‌ను ఓబీడీ ప్లగ్గు (మెకానిక్ బండి కంప్యూటరును చదివే ప్లగ్గు) నుంచి తీసుకునే కిట్లు, తలుపుకు అయస్కాంత సెన్సర్ అతికించే కిట్లు రెండు రకాలు. వారంటీలో ఉన్న బండికి రెండోది నయం, బండి కంప్యూటరు జోలికి పోదు. మొదటి రకంలో ఇంకో చిక్కుంది. కొన్ని కిట్లు బండి నిద్రపోయినా తాము నిద్రపోవు. బిగించాక బండి లాక్ చేసి అరగంట ఆగి, బ్యాటరీ నెగెటివ్‌కు వరసలో మల్టీమీటర్ పెట్టి చూడండి. ఆ అరగంటా మీటరు ముందే తగిలించి ఉండాలి, మధ్యలో తీస్తే బండి మళ్లీ మేలుకుంటుంది. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే అనుమానించాలి. 100 ఉంటే రోజుకు 2.4 ఆంపియర్ అవర్లు. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు వారాలు కదలకుండా నిలబడితే సగం ఖాళీ.

లోపం వెతకడానికి వరస ఇది. రెండు వైపులా కదలకపోతే ఫ్యూజు, ఎర్త్, తర్వాత కంట్రోలరు. ఒకే వైపు కదలకపోతే కంట్రోలరు దగ్గర కుడి ఎడమ మోటారు ప్లగ్గులు మార్చి చూడండి, లోపం వైపు మారితే కంట్రోలరు, మారకపోతే మోటారో దాని వైరో. ఒక తలుపుకు పలికి ఇంకో తలుపుకు పలకకపోతే సెన్సర్. నెమ్మదిగా ఈడ్చుకుంటూ దిగుతుంటే, దిగుతున్నప్పుడే మోటారు ప్లగ్గు దగ్గర వోల్టేజీ చూడండి. 10.5 కంటే తక్కువైతే ముందు ఎర్త్ తుప్పు పట్టిందేమో చూడండి.

వాడుకలో రెండు జాగ్రత్తలు. మెట్టు పనిచేయకుండా ఆపే స్విచ్ డాష్‌బోర్డు దగ్గర ఉండాలి, తారు రోడ్డు దిగే ముందు అది ఆఫ్ చేయాలి. రాళ్ల మధ్య ఆగి దారి చూద్దామని తలుపు తీస్తే మెట్టు నేరుగా రాయి మీదికి దిగుతుంది. రెండోది ఊళ్లో. ఫుట్‌పాత్ అంచుకు ఆనించి ఆపితే మెట్టు ఆ గట్టుకు కొట్టుకుంటుంది. పక్కన ఆపిన స్కూటరు సైలెన్సర్‌కూ అంతే. ఒక అడుగు జాగా వదిలి ఆపడం అలవాటు చేసుకోండి. పిల్లలు మడత కీళ్ల దగ్గర చేతులు పెట్టకుండా చూడాలి. అడ్డం వస్తే ఆగే ఏర్పాటు మెట్టు అంచుకు బాగా పనిచేస్తుంది, కీళ్ల సందులో నలిగే వేలికి అంత బాగా పనిచేయదు.

చట్టం గురించీ అడిగారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ చెప్పిన నిర్మాణాన్ని మార్చకూడదు. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా ఉంది, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ ముందు వైపు బుల్ బార్లు, క్రాష్ గార్డుల గురించి. స్లైడర్‌ను కూడా అదే కళ్లతో చూసే అధికారి ఎదురుకావచ్చు. కాబట్టి బండి వెడల్పు దాటి పొడుచుకు రాకుండా, మొనలు లేకుండా, విప్పదగినట్టు ఉండాలి. బోల్టుదే చేయించమనడానికి ఇదింకో కారణం. బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి యాక్సెసరీగా పాలసీలో ఎక్కించండి, బిల్లు దాచుకోండి. ఇంకొకటి, స్లైడర్లు ఉన్నాయి కదా అని శేషాచలం రిజర్వు అడవి దారుల్లోకి బండి తోలకండి. తలకోన వైపైనా అంతే, అనుమతి ఉన్న రోడ్డు దాటకూడదు.

పని వరస ఇది. ఈ వారం వంగిన ఫుట్‌స్టెప్పులు విప్పి, తలుపు అంచు నలిగిందేమో చూసి, సున్నం పూయండి. విప్పిన రంధ్రాల్లో రబ్బరు బిళ్లలు కొట్టండి, లేకపోతే వంక నీళ్లు సిల్ లోపలికి పోతాయి. కాయల సీజన్‌కు నెల ముందే వెల్డర్‌కు బండి ఇవ్వండి. సీజన్ మొదలయ్యాక ట్రాలీల పని వాళ్లకు నెత్తిన ఉంటుంది, మీ స్లైడర్ కాళ్ల వెల్డింగ్‌కు రెండో పొర పడదు. స్లైడర్ వేశాక పంక్చర్ అయితే కంపెనీ జాకీ పాయింటు కిందికి చెయ్యి దూరేలా లోపలి పట్టీ దగ్గర జాగా వదిలారో లేదో కూడా బిగించక ముందే చూసుకోండి.